ఆసుపత్రి మీద మనసు విరిగిన వికలాంగులను మళ్లీ వైద్యానికి దగ్గర చేయడం ఎలా?

ఒకసారి ఆసుపత్రిలో అవమానం జరిగాక ఇక ఆ గడప తొక్కనని కూర్చున్న వికలాంగులు మన నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. బీపీ మాత్రలు ఆపేసినవాళ్లు, పుండు పడితే ఆర్‌ఎంపీ చేత కట్టు కట్టించుకుని సరిపెట్టుకునేవాళ్లు, కాన్పు నొప్పులు ముదిరేదాకా ఇల్లు కదలని ఆడవాళ్లు. వాళ్లను తిరిగి రప్పించాల్సింది పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కూర్చునే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు), ఏఎన్‌ఎం, ఆశా, ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు, కావలిలోనో మార్కాపురంలోనో నాలుగు గదుల క్లినిక్ నడిపే ప్రైవేటు డాక్టరు. ఈ మార్గదర్శి రాసింది వాళ్ల కోసం. రోగులూ, ఇంట్లోవాళ్లూ చదివితే మరీ మంచిది. ఏం అడగొచ్చో తెలుస్తుంది.

రావడం మానేసినవాళ్లను "అవగాహన లేదు" అని కొట్టిపారేయకండి. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేకపోయినా, చక్రాల కుర్చీలో ఉన్న ఆమె ఆ బస్సు మెట్లు ఎక్కలేదు. కారో ఆటోనో మాట్లాడుకోవాలి. తోడు వచ్చే తమ్ముడు ఆ రోజు కూలి వదులుకోవాలి. ఇంతా చేసి వెళితే దక్కింది కసురుళ్లు, గంటల తరబడి వరండాలో పడిగాపులు. మళ్లీ వెళ్లకూడదని ఆమె అనుకుందంటే అన్నీ లెక్కేసుకునే అనుకుంది. ఆ లెక్క మారాలంటే మారాల్సింది మనవైపు. "మమ్మల్ని నమ్మండి" అని అడిగితే ఎవరూ నమ్మరు. మనం చెప్పింది చేస్తున్నామో లేదో వాళ్లు సరిచూసుకునే వీలు కల్పిస్తే నెమ్మదిగా నమ్ముతారు. కింద చెప్పే పనులన్నిటికీ మూలం అదే.

1. ఎవరు రావడం మానేశారో ముందు తెలుసుకోండి

ఓపీ రిజిస్టరులో వచ్చినవాళ్లే ఉంటారు, రానివాళ్లు ఉండరు. కాబట్టి ఆశాతో కూర్చుని వీధి వీధినా గుర్తు చేసుకోండి: మంచాన ఉన్నవాళ్లు ఎవరు, చంకకర్రల మీద నడిచేవాళ్లు ఎవరు, చూపు లేనివాళ్లు, చెవుడు ఉన్నవాళ్లు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు ఏ ఇళ్లలో ఉన్నారు. వీళ్లలో ఈ ఏడాదిలో ఒక్కసారైనా బీపీ, షుగరు చూపించుకున్నది ఎవరు? మిగిలినవాళ్లే మీ జాబితా.

ఆ జాబితా పట్టుకుని ఇంటింటికీ వెళ్లేటప్పుడు ట్యాబ్ బయటకు తీయకండి, ఫొటో తీయకండి. ట్యాబ్ పట్టుకుని ఎవరు గుమ్మంలోకి వచ్చినా పింఛను తనిఖీకే వచ్చారనుకునే రోజులివి. ఆశా ఒక్కతే వెళ్లి, "మాత్రలు వేసుకుంటన్నావా పెద్దమ్మా?" అని అడిగి, నీళ్లు తాగి వచ్చేయడం మొదటి సందర్శనకు చాలు.

2. పర్సంటేజీ భయాన్ని తీర్చండి

చాలామంది దీన్ని వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఇక్కడే అసలు ముడి ఉంది.

సదరం (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి రాసే) సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటేనే వికలాంగ పింఛను. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. చాలా ఇళ్లలో నెలనెలా తప్పకుండా చేతికొచ్చే డబ్బు అదొక్కటే. ఆ శాతం రాసేది ఎవరు? ప్రభుత్వాసుపత్రి డాక్టరే. మోకాలి నొప్పికి చూపించుకోవడానికి వెళ్లాల్సిందీ ఆ డాక్టరు దగ్గరికే. 2025లో పింఛన్ల పునఃపరిశీలన జరిగి ఎంతోమందికి నోటీసులు వచ్చాక, "ఆసుపత్రికి పోతే ఏదో ఒకటి రాస్తారు, ఉన్నది పోతుంది" అనే టెన్షన్ ఊళ్లలో బాగా పాకింది. ఫిజియోథెరపీ చేయించుకుని నాలుగడుగులు వేయగలిగితే అదే తన మీదకు వస్తుందేమోనని భయపడే మనిషి వైద్యం ఎందుకు చేయించుకుంటాడు?

దీనికి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఓపీలో కూర్చున్న మనిషికి మొట్టమొదట చెప్పండి: "ఇది వైద్యం కోసం చూడటం. నీ సర్టిఫికెట్‌కూ దీనికీ సంబంధం లేదు. నేను శాతం ఏమీ రాయను." సదరం క్యాంపు జరిగే రోజు, అదే గదిలో, అదే బల్ల దగ్గర మామూలు ఓపీ పెట్టకండి. "బాగానే నడుస్తన్నావే!" అని మెచ్చుకోలుగా అన్న మాట కూడా ఆయనకు బెదిరింపులా వినిపించవచ్చు. దానికి బదులు "పోయిన నెలకంటే నొప్పి తగ్గిందా?" అని అడగండి. సిబ్బంది తక్కువై, శాతం రాసే ఎముకల డాక్టరే వైద్యమూ చేయాల్సి వస్తే ఆ సంగతి దాచకండి. ఏ రోజు ఏ పని మీద చూస్తున్నారో నోటితో చెప్పి, ఓపీ చీటీ మీద రాయండి.

ఇందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. భయం పోగొట్టాలని "నీ పింఛనుకు నాది హామీ" అనకండి. అది మీ చేతుల్లో లేదు. రేపు నోటీసు వస్తే మిగిలిన నమ్మకమూ పోతుంది. లేని జబ్బు రాయడం, ఉన్నది దాచడం కూడా వద్దు. నోటీసు వచ్చినవాళ్లకు గ్రామ సచివాలయంలో ఎవరిని కలవాలో, పాత వైద్య కాగితాల్లో ఏవి తీసుకెళ్లాలో చెప్పండి. ఆ కాగితాల జిరాక్సులు మీ దగ్గర ఉంటే ఇవ్వండి. ఈ చిన్న సాయం చేసిన ఆసుపత్రి పేరు ఊళ్లో ఎలా మారిపోతుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

3. జరిగింది వాళ్ల నోట వినండి

ఇంటి దగ్గరే వినండి. ఆసుపత్రికి పిలిపించి "అప్పుడు ఏం జరిగిందో చెప్పు" అంటే విచారణలా ఉంటుంది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లు వెళ్లకూడదు. ఆ మనిషి తోటి ఉద్యోగి కూడా వెళ్లకపోతే మేలు.

మంచం మీదున్న మనిషితోనే మాట్లాడండి. "ఆమెకు ఎట్టుంది?" అని పక్కనున్న కొడుకును అడగడం మన దగ్గర పెద్ద జబ్బు. ఆమె అక్కడే ఉంది, ఆమెకు మాట ఉంది. కొడుకు వినకూడని సంగతులూ ఉండొచ్చు, కాబట్టి "ఎవరు ఉండాలి, ఎవరు బయటికెళ్లాలి?" అని ఆమెనే అడగండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) వల్ల మాట నెమ్మదిగా వచ్చేవాళ్ల వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పు నాయనా" అనండి, అర్థమైనట్టు తలూపకండి. చెవుడు ఉన్నవాళ్ల దగ్గర మాస్కు తీసి, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. చదువు ఉంటే రాసి చూపండి, సైగల భాష వచ్చినవాళ్లయితే వాళ్లకు తెలిసిన దుబాసీని వీడియో కాల్‌లో కలపండి. గర్భం, గర్భసంచి ఆపరేషన్ లాంటి విషయాలకు అత్తగారిని దుబాసీగా పెట్టకండి.

వినేటప్పుడు ఇలాంటివి వస్తాయి: "నా కుర్చీ తీసి ఎక్కడో పెట్టారు, సాయంత్రం దాకా ఒంటేలుకు పోలేకపోయినా." "నీకెందుకమ్మా పిల్లలు అన్నారు, అందరూ వింటుండగా." "నన్నెత్తి స్ట్రెచరు మీద పడేశారు, మూటను ఏసినట్టు." మీ నోట్లోకి వెంటనే "ఆరోజు రష్ ఎక్కువమ్మా" అనే మాట వస్తుంది. ఆపుకోండి. అది నిజమే కావచ్చు, ఆ రోజు ఇద్దరే సిస్టర్లు ఉండొచ్చు. ఆ సంగతి మీ సూపరింటెండెంటుకు చెప్పండి, ఈమెకు కాదు.

విన్నది ఆమె మాటల్లోనే రాసి, తిరిగి చదివి వినిపించండి. "ఇది సరిగ్గా ఉందా, ఏదైనా మార్చాలా?" అని అడగండి. కాగితం ఎవరి దగ్గర ఉంచాలో కూడా ఆమె ఇష్టమే.

4. క్షమాపణ, కాగితాలు

క్షమాపణ చెబితే సంస్థకు చిక్కు వస్తుందని భయపడతారు. అస్పష్టంగా చెబితేనే ఎక్కువ చిక్కు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే బోర్డు భాష వద్దు. ఏం జరిగిందో, అది ఎందుకు తప్పో, ఇప్పుడు ఏం మార్చామో చెప్పండి: "మీ కుర్చీ మీ దగ్గర నుంచి తీయడం తప్పు. ఇకమీదట కుర్చీ మంచం పక్కనే ఉండాలని వార్డులో ఎంఎన్‌ఓలకు, ఎఫ్‌ఎన్‌ఓలకు (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలకు) చెప్పాం, గోడ మీద రాసి పెట్టాం. వచ్చినప్పుడు చూడండి." మార్చింది ఏదీ లేకపోతే క్షమాపణకు ఇంకా వేళ కాలేదని అర్థం. పండ్లు పట్టుకెళ్లి, ఫొటో దిగి, ఫిర్యాదు వెనక్కి తీసుకోమనడం మాత్రం అసలే చేయకండి.

కేస్ షీట్ కాపీ అడిగితే ఇవ్వండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను డాక్టరు మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడగకముందే ఇస్తే ఇంకా మంచిది. దాచడానికి ఏమీ లేదని చెప్పడానికి అంతకంటే తేలిక దారి నాకు కనిపించలేదు.

5. కొత్త నొప్పిని కొత్తగా చూడండి

వికలాంగులు ఏ బాధ చెప్పినా పాత వైకల్యం ఖాతాలో వేసేయడం వైద్యంలో బాగా తెలిసిన పొరపాటు. మన జిల్లాల్లో దీనికి ఫ్లోరైడ్‌ను మించిన ఉదాహరణ లేదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి వైద్య పత్రికలో రాశారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంటే తరాలుగా ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల్ని ఇక్కడి ఆసుపత్రులు చూస్తూనే ఉన్నాయి. అందుకేనేమో, నడుము వంగని పెద్దాయన గదిలోకి రాగానే "ఫ్లోరైడ్ నొప్పులే, చేసేదేముంది, ఈ మాత్రలు వాడు" అనే మాట తయారుగా ఉంటుంది.

చేసేది ఉంది. అస్థి ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసల చుట్టూ ఎముక పెరిగి వెన్నుపామును నొక్కవచ్చు. కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, నడకలో తూలడం, ఒంటేలు ఆగకపోవడమో రాకపోవడమో కనిపిస్తే అది మామూలు నొప్పి కాదు. ఆలస్యం చేయకుండా ఒంగోలుకో నెల్లూరుకో న్యూరో డాక్టరు దగ్గరికి రిఫర్ చేయాలి. ఆ మనిషి ఎప్పుడో ఒకసారి ఈ మాట చెప్పి, మాత్రలతో వెనక్కి పంపించబడి ఉంటాడు. ఇప్పుడు మీరు అతన్ని నమ్మించాలంటే సుత్తి తీసుకుని మోకాలి రిఫ్లెక్స్ చూడటమే మొదటి మాట. అన్నట్టు, మెడ తిరగని, వీపు చాపలేని మనిషిని ఎత్తుగా ఉన్న పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకోమనకండి. కూర్చోబెట్టో పక్కకు తిప్పో చూడండి, తల కింద రెండు దిండ్లు పెట్టండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనో రోడ్డు ప్రమాదంలోనో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది. దెబ్బ ఛాతీ మధ్యభాగంలోనో, ఆపైన మెడ దాకా ఎక్కడైనానో ఉన్నవాళ్లకు తలపగిలే నొప్పి, చెమటలు, బీపీ ఒక్కసారిగా పెరగడం కనిపిస్తే దాన్ని టెన్షన్ తలనొప్పి అనుకోకూడదు. చాలాసార్లు నిండిపోయిన మూత్రాశయమో, మడతపడిన క్యాథెటర్ (మూత్రం పోయే) గొట్టమో కారణం. మనిషిని లేపి కూర్చోబెట్టి, గొట్టం చూసి, మూత్రం పోయేలా చేయాలి. బీపీ దిగకపోతే అది అత్యవసరం. ఈ సంగతి రోగికి చాలాసార్లు మనకంటే బాగా తెలుసు. "నాకు ఇది ఇంతకుముందు వచ్చింది, గొట్టం చూడండి" అంటే చూడండి.

స్పర్శ లేని మనిషిని గట్టి స్ట్రెచరు మీద ఓపీలో గంటల తరబడి వదిలేస్తే ఆసుపత్రే పుండు ఇచ్చి పంపినట్టవుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నిలబడలేనివాళ్ల బరువును కళ్లతో చూసి అంచనా వేసి మందు డోసు రాయకండి. తోడువచ్చినవారు ఎత్తుకుని నిలబడితే ఇద్దరి బరువు చూసి, ఒకరిది తీసేయొచ్చు.

6. మొదటి రాక ఎలా ఉండాలి

మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు సూది, కోత, రక్తం ఏవీ వద్దు, ప్రాణం మీదికి వస్తే తప్ప. బీపీ చూసి, మాట్లాడి, పంపించేయండి. సోమవారం లాంటి రద్దీ రోజు కాకుండా ఖాళీగా ఉండే పూట పిలవండి. ముందు రోజు ఫోన్ చేసి, ఎవరు గేటు దగ్గర ఉంటారో పేరు చెప్పండి. ఆ మనిషి నిజంగా అక్కడ ఉండాలి. ఉండలేకపోతే ఉదయమే ఫోన్ చేసి చెప్పండి.

క్యూ గురించి సంకోచం అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం వాళ్లను చూడటంలోనూ చికిత్సలోనూ ప్రాధాన్యం ఇవ్వాలి, ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా అన్ని భాగాల్లోకీ అడ్డంకి లేకుండా వెళ్లగలగాలి. ముందు పంపిస్తే గొణిగేవాళ్లకు ఆ సంగతి రాసిన బోర్డు చూపిస్తే సరిపోతుంది. ఇక ఆసుపత్రి చక్రాల కుర్చీ స్టోర్ రూములో తాళం వేసి ఉండటం, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉండటం మనకు కొత్త కాదు. కుర్చీ గేటు దగ్గర ఉండాలి. ర్యాంపు ఉంటే దాని మీద బైకులు ఉండకూడదు. మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందో లేదో మీరే ఒకసారి కుర్చీ తోసి చూడండి.

ఎత్తాల్సి వస్తే ఎక్కడ పట్టుకోవాలో వాళ్లనే అడగండి. చూపులేనివాళ్ల చెయ్యి పట్టి లాగకండి, మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి. ముట్టుకునే ముందు ఏం చేస్తున్నారో చెప్పండి.

రాలేనివాళ్లకు ఇంటి దగ్గర చూడటం కూడా వైద్యమే. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో డాక్టరు ఊరికొచ్చిన రోజు మంచాన ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి చూడాలన్నది ఒక భాగంగా పెట్టారు. అలా వెళ్లే రోజు ఏ ఇంటికి ఎన్నింటికి వస్తారో ముందే చెప్పి, ఆ వేళకే వెళ్లండి.

7. ఒక పేజీ కాగితం

ప్రతిసారీ కొత్త సిస్టరుకు మొదటి నుంచి చెప్పుకోవడం విసుగు, అవమానం కూడా. తెలుగులో ఒక్క పేజీ రాసి ఇవ్వండి, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పెట్టుకునే కవరులోనే పెట్టుకుంటారు. అందులో ఏం ఉండాలో వాళ్లే చెబుతారు: ఎలా ఎత్తాలి, ఏ చేతికి సూది దొరుకుతుంది, ఏ మందు పడదు, ఎలా మాట్లాడితే అర్థమవుతుంది, ఏది చేయకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి. దాని కాపీ కేస్ షీట్‌కు మొదటి పేజీగా పిన్ చేయండి. చదివిన ప్రతి ఉద్యోగీ కింద సంతకం పెడితే, చదివారో లేదో రోగికే తెలిసిపోతుంది.

8. ఫిర్యాదు చేస్తానంటే తోడుండండి

రోగి ఫిర్యాదు చేస్తే మనకు నష్టమని అనుకుంటే ఇంతదాకా చేసిందంతా వృథా. పీహెచ్‌సీ మీదైతే డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి), ఏరియా ఆసుపత్రి మీదైతే సూపరింటెండెంటుకో డీసీహెచ్‌ఎస్‌కో (జిల్లా ఆసుపత్రి సేవల సమన్వయ అధికారి) రాతపూర్వకంగా ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. సోమవారాల్లో జిల్లా కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు. వికలాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్‌కు రాయొచ్చు. నలుగురిలో కావాలని అవమానిస్తే అదే చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. డబ్బు కట్టి చూపించుకున్న ప్రైవేటు ఆసుపత్రి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు దాటకూడదు. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఇస్తారు, ఫోన్ నంబరు 15100.

ఫిర్యాదు నడుస్తున్నన్నాళ్లూ ఆమె వైద్యంలో ఏ మార్పూ రాకూడదు. "నువ్వు కంప్లైంట్ పెట్టినామెవు కదా" అనే ఒక్క మాట వార్డులో వినిపించినా సూపరింటెండెంటు అదే రోజు పిలిచి మాట్లాడాలి.

9. నమ్మకం వచ్చిందని ఎలా తెలుస్తుంది, వచ్చింది ఎలా పోతుంది

"అంతా బాగుంది సారూ" అని చేతులు జోడిస్తే సంబరపడకండి, అది భయం కూడా కావచ్చు. "ఈ మాత్ర ఎందుకు, పోయినసారిది ఎందుకు ఆపారు?" అని అడిగితే మంచి గుర్తు. మీరు చెప్పినదానికి "వద్దు, నాకు పడదు" అన్నా మంచి గుర్తే. పక్కింటి చంకకర్రల మనిషిని వెంటబెట్టుకుని వస్తే ఇంక చెప్పేదేముంది. ఎన్ని చేసినా కొందరు రారు. వాళ్లకు ఆశా ద్వారా మందులు అందుతూ ఉండాలి, రమ్మని ఒత్తిడి చేయకూడదు.

అన్నీ కుదిరాక దెబ్బకొట్టేది బదిలీ. రోగి నమ్మింది ఆసుపత్రిని కాదు, ఆ ఒక్క సిస్టరును. ఆమె కందుకూరుకో గిద్దలూరుకో వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మొదటి నుంచీ ఇద్దరిని పరిచయం చేయండి. బదిలీ ఆర్డరు చేతికి రాగానే పాతామె కొత్తామెను వెంటబెట్టుకుని, జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్లాలి. రిలీవ్ అయ్యేలోపు అన్ని ఇళ్లూ తిరగడానికి టైము లేకపోతే, ముందు మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లండి. మిగిలినవాళ్లకు ఇద్దరూ కలిసి ఫోన్ చేసి, కొత్తామె పేరు, ఫోన్ నంబరు ఆ ఒక పేజీ కాగితం మీద మార్చి రాయించండి.